ఆసామి కేకకు ముందు

1854 జనవరి 1. చీకటి ఇంకా విడలేదు. ఒంగోలు ఊరికి ఎగువనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కుతున్నారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, వారితో ముగ్గురు తెలుగువాళ్లు: క్రిస్టియన్ నర్సు, రూతు, జూలియా. పైకి చేరాక ప్రార్థన చేశారు. కింద కనిపిస్తున్న ఒంగోలుకు, చుట్టుపక్కల పల్లెలకు సువార్త చెప్పే మనిషిని పంపమని దేవుణ్ని అడిగారు. తెల్లారాక దిగి వెళ్లారు.

అప్పటికి వాళ్ల మిషన్ పరిస్థితి ఏమంత బాగా లేదు. శామ్యూల్ డే 1836లో తెలుగువారి కోసం మొదలుపెట్టి, 1840లో నెల్లూరుకు చేర్చిన పని అది. ఏళ్లు గడిచినా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్‌ను ఇక మూసేద్దామా అన్న చర్చ నడిచింది. మిషన్ల పటం మీద ఒంటరిగా ఉన్న నెల్లూరును ఒంటి నక్షత్రంగా చెబుతూ శామ్యూల్ స్మిత్ ఒక పద్యం రాశారు. మూసివేత ఆగిపోయింది. ఒంగోలు కొండ మీద ఆ ఐదుగురు మోకరించింది ఆ చర్చ ముగిసిన కొద్ది నెలలకే. తర్వాత పన్నెండేళ్లకు, 1866లో, మిషనరీ జాన్ క్లౌ కుటుంబంతో ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. మిషనరీలు ఆ కొండకు ‘ప్రేయర్ మీటింగ్ హిల్’ అని పేరు పెట్టుకున్నారు.

ఈ కథ చాలాసార్లు చెప్పారు, చాలా పుస్తకాల్లో రాశారు. చెప్పీ చెప్పీ కొండ పెద్దదైంది, ఆ ఒక్క ఉదయం పెద్దదైంది. ఆ తర్వాత వచ్చిన వేల మామూలు ఉదయాల సంగతి మాత్రం ఎక్కడా పెద్దగా కనపడదు. కొండ ఎక్కే తీరిక లేని జనం, పొద్దు పొడవకముందే ఆసామి దొడ్డికి పోవలసిన జనం, రోజును ప్రార్థనతో ఎలా మొదలుపెట్టారు? తెలుగు క్రైస్తవుల చరిత్రలో గొప్ప భాగం ఆ ప్రశ్న దగ్గరే ఉంది.

వేకువ ప్రార్థన క్రైస్తవంలో మొదటినుంచీ ఉన్నదే. యూదులు ఉదయం, సాయంత్రం ప్రార్థించేవారు. యేసు కపెర్నహూములో పొద్దుగూకాక కూడా రోగుల మధ్య గడిపి, మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరి చోటికి వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పుకోవాలని ‘డిడాకె’ అనే ఆదిమ సంఘపు చిన్న పుస్తకంలో ఉంది. అయితే వీటన్నిటికంటే ఆసక్తికరమైన సాక్ష్యం క్రైస్తవులది కాదు, వాళ్లను విచారించిన ఒక రోమన్ అధికారిది.

క్రీస్తు శకం 112 ప్రాంతం. నేటి టర్కీ ఉత్తర భాగంలో ఉన్న బితూనియకు ప్లినీ గవర్నరు. క్రైస్తవుల మీద ఫిర్యాదులు వస్తుంటే ఏం చేయాలో తోచక ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. విచారణలో తేలిందేమిటంటే, వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి ఒకరి తర్వాత ఒకరు పాట పాడతారు, దొంగతనం చేయబోమని, వ్యభిచరించబోమని, మాట తప్పబోమని, నమ్మి దాచిన సొమ్ము ఎగవేయబోమని ప్రమాణం చేస్తారు. తర్వాత విడిపోయి, మళ్లీ కలిసి భోంచేస్తారు. మరింత నిజం రాబట్టడానికి ప్లినీ ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టించాడు. వాళ్లిద్దరూ ఆ సంఘంలో పరిచారకురాళ్లు.

తెల్లవారకముందే ఎందుకు? ఆరోజుల్లో ఆదివారం సెలవు దినం కాదు. సంఘంలో బానిసలున్నారు, కూలివాళ్లున్నారు. పొద్దెక్కితే వాళ్ల ఒళ్లు వాళ్లది కాదు, యజమానిది. చీకట్లో మిగిలిన ఆ కాస్త సమయమే వాళ్ల సొంతం. క్రైస్తవ వేకువ ప్రార్థన మునుల ఆశ్రమాల్లో పుట్టిందనుకోవడం పొరపాటు. ఆశ్రమాలు రాకముందే దాసీలు దాన్ని ఆచరించారు. పద్దెనిమిది వందల ఏళ్లకు తెలుగు పల్లెల్లో అదే మళ్లీ జరిగింది.

మధ్యలో జరిగినది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు తన సన్యాసులకు పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ప్రార్థన నియమం పెట్టాడు. అది పగలంతా చేతిలో ఉన్నవాళ్లకే సాధ్యం. 1549లో ఇంగ్లండులో ఆర్చిబిషప్పు క్రాన్మర్ ఆ ఎనిమిదింటినీ రెండుగా కుదించి, ఉదయానికి ఒకటి, సాయంకాలానికి ఒకటిగా సామాన్యుల భాషలో పుస్తకం అచ్చువేయించాడు. 1552 ముద్రణ ఆ ప్రార్థనలకు ముందు గంట మోగించాలని గురువులను ఆదేశించింది. అంతకుముందే, 1529లో, లూథర్ తన చిన్న ప్రశ్నోత్తరిలో ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పవలసిన ఉదయ ప్రార్థన రాశాడు. లేవగానే ప్రార్థించు, తర్వాత ఒక పాట పాడుకుంటూ సంతోషంగా పనిలోకి వెళ్లు అన్నది దాని సారం. తర్వాత గుంటూరు లూథరన్ ఇళ్లకు చేరింది ఈ ప్రశ్నోత్తరే.

జర్మనీలోని హాలే నగరం నుంచి తెలుగుకు ఒక దారి ఉంది. అక్కడి భక్తి ఉద్యమంలో తయారైన బెంజమిన్ షుల్జ్ 1720లలో మద్రాసు చేరి, తెలుగు నేర్చుకుని బైబిలును తెలుగులోకి మార్చే పనికి దిగారు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. ఇంటికి తిరిగి వెళ్లాక ఆయన 1746, 1747ల్లో హాలేలోనే తెలుగు లిపిలో చిన్న చిన్న మత గ్రంథాలు అచ్చువేయించారు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అవి లెక్కకొస్తాయి. సముద్రాలకు అవతల పోసిన అక్షరాలతో తెలుగు భక్తి పుస్తకం మొదలైందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలియవలసిన సంగతి.

ఆ తర్వాత మిషన్లు వరసగా వచ్చాయి. 1805లో విశాఖపట్నానికి లండన్ మిషన్, 1830లలో నరసాపురానికి బౌడెన్, బీర్ దంపతులు, 1841లో మచిలీపట్నానికి రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్, 1842లో గుంటూరుకు లూథరన్ హేయర్. ఎవరి పద్ధతి వారు తెచ్చారు. మచిలీపట్నం ఆంగ్లికన్లది పుస్తకం చూసి చదివే ఉదయ ప్రార్థన. బాప్టిస్టులది పుస్తకం లేకుండా, నోటికొచ్చిన మాటల్లో చేసే ప్రార్థన. కతోలికులు వీళ్లందరికంటే ముందున్నారు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే జెస్యూట్లు పుంగనూరు వైపు అడుగుపెట్టారు. తెల్లవారుజామున, మధ్యాహ్నం, సాయంత్రం గుడి గంట మోగితే చేసే త్రికాల జపం కతోలిక ఊళ్లకు గడియారమైంది. ఫిరంగిపురం లాంటి చోట్ల ఆ గంట విన్నవాళ్లలో సొంత భూమి దున్నుకునే రెడ్లు, కమ్మవారు కూడా ఉన్నారు. గంట మోగితే అరక ఆపి నిలబడే స్వేచ్ఛ వాళ్లకుంది. ఆ స్వేచ్ఛ మాలపల్లెకు, మాదిగపల్లెకు లేదు. ఒకే ప్రార్థన రెండుచోట్లా రెండు రకాలుగా నడవడానికి కారణం ఇదే.

పల్లె ఉదయం ఎలా ఉండేదో కొంచెం ఆగి చూడాలి. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు కోడి కూతకు ముందే ఆసామి దొడ్లో ఉండాలి. పేడ తియ్యాలి, పశువులకు మేత వెయ్యాలి, కుడితి పెట్టాలి, అరక కట్టాలి. ఆలస్యమైతే పల్లె మొదట్లో నిలబడి ఆసామి కేక వేస్తాడు. నాట్లప్పుడు, కోతలప్పుడు ఆడవాళ్లూ చీకటితోనే బయల్దేరతారు. ఇంట్లో మిగిలేది పసిపిల్లలు, ముసలివాళ్లు. అలాంటి చోట ఉదయం ఏడింటికి గుడికి రమ్మంటే ఎవరు వస్తారు?

అందుకే తెలుగు పల్లెల్లో సంఘమంతా కూడే రోజువారీ ప్రార్థన రాత్రికి మారింది. కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చి, ఇంత ముద్ద తిన్నాక, బడి పాకే గుడిగా కూడేవారు. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పిన పంతులుగారే రాత్రి పెద్దలకు వాక్యం చెప్పేవారు. హరికేన్ లాంతరు, కింద పరిచిన చాప, మోకాళ్ల మీదే కునికే పిల్లలు. పంతులుగారు ఒక్కో మాట చెబితే అందరూ తిరిగి అనేవారు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, కొన్ని కీర్తనలు, యేసు చెప్పిన ఉపమానాలు, అన్నీ అలా నోటికి వచ్చేశాయి. చదువు రానివాళ్లకు జ్ఞాపకమే బైబిలు.

రాత్రి నేర్చుకున్నది ఉదయం పనికొచ్చేది. ఆసామి కేకకు ముందు దొరికే కొద్ది నిమిషాల్లో ఇంటివాళ్లంతా చుట్టూ చేరి పరలోక ప్రార్థన చెప్పుకుని, ఒక కీర్తన ఎత్తుకుని, బయల్దేరేవారు. పుస్తకం అక్కర్లేదు, దీపం అక్కర్లేదు, గురువు అక్కర్లేదు. లూథర్ ఇంటి యజమానికి చెప్పినది అక్షరాలా పాలేరు గుడిసెలో జరిగింది. ఈ కుటుంబ ప్రార్థనే తెలుగు క్రైస్తవానికి వెన్నెముక. గుళ్లు, బడులు, ఆసుపత్రుల చరిత్ర రాసినంత శ్రద్ధగా దీని చరిత్ర ఎవరూ రాయలేదు. రాసేందుకు కాగితం మీద ఆనవాలు తక్కువ మరి.

పాటలు అందుకు ఎంతగానో తోడ్పడ్డాయి. పురుషోత్తమ చౌధురి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన రాసిన కీర్తనలు పరదేశపు రాగాలకు తెలుగు మాటలు అతికించినవి కావు. రాగం, తాళం పేర్కొన్న మన సంగీతం అది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే ఇప్పటికీ పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. చౌధురి పాటలు అందులో విరివిగా ఉన్నాయి. ప్రభాత స్తుతికి వేరే పాటలు, రాత్రి ప్రార్థనకు వేరే పాటలు ఉంటాయి. పండితుడు రాసిన పాట పలుగూ పారా పట్టినవాళ్ల నోట వేకువనే పలికిందంటే, అది ఆ కవికి దక్కిన అసలైన గౌరవం.

రోజులో మొదటి వంతు దేవుడికివ్వడం ఒక ఎత్తు. వారంలో మొదటి రోజు ఇవ్వడం మరో ఎత్తు. గొడవ ఇక్కడే వచ్చింది. తోలు వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందాక ఒంగోలు చుట్టూ మాదిగపల్లెల్లో కదలిక మొదలైంది. క్లౌ కొత్త విశ్వాసులకు చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. వినడానికి తేలిగ్గానే ఉన్నా మూడూ ఊరి కట్టుబాటు మీద దెబ్బే. చచ్చిన పశువును మోసుకుపోవడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడల్లా పనికి రావడం మాదిగల విధిగా ఊరు నిర్ణయించింది. ఆదివారం రామన్నందుకు కొట్టారు, పని మాన్పించారు, నీళ్లు దొరక్కుండా చేశారు. ఆసామికి అసలు కోపం యేసు మీద కాదు. ఒక రోజు తనది కాదని పాలేరు అనడం మీద. వారంలో ఒక దినం మీద తన హక్కు ప్రకటించుకున్న మొదటి తెలుగు వ్యవసాయ కూలీల్లో వీళ్లున్నారు. కూలి సంఘాలు, యూనియన్లు రాకముందు సంగతి ఇది.

1876–78 కరువు వచ్చింది. ధాతు కరువు అని పెద్దలు చెప్పుకునేది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. సువార్తికులే మేస్త్రీలు. పని మధ్య విశ్రాంతి వేళల్లో వాక్యం చెప్పేవారు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని కరువు కాలమంతా బాప్తిస్మాలు నిలిపేశారు. కరువు సహాయం అయిపోయాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు పాస్టర్లు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడ్డారు. ప్రపంచమంతా ఆ అంకెను చెప్పుకుంది. కానీ నది ఒడ్డున ఆ పని ఒక్కరోజే. మర్నాటి నుంచి 2,222 మంది ఇళ్లలో తెల్లవారుజాము ఎలా నడవాలి అన్నదే అసలు పని. ఆ పని మిషనరీల చేతిలో లేదు, పల్లె పంతుళ్లు, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు, ఇంటి పెద్దలు చేశారు.

ఇలాంటి కూలి జనం తమ ప్రార్థనను సముద్రం కూడా దాటించారు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల మధ్య పని చేయడానికి తెలుగు బాప్టిస్టులే తమ ఖర్చుతో 1903లో జాన్ రంగయ్యను నెల్లూరు నుంచి పంపారు. ఆయన కియర్స్‌నీ ఎస్టేటులో తెలుగు సంఘాన్ని కట్టారు. పొద్దు పొడిస్తే పనిగంట, పొద్దుగూకితే కూలీల వరస ఇళ్లు. ఆసామి పోయి తోట మేనేజరు వచ్చాడు, అంతే తేడా. ఒంగోలు, నెల్లూరు పల్లెల్లో నేర్చిన అలవాటును అక్కడ కొత్తగా నేర్చుకోవలసిన పని లేకపోయింది.

మళ్లీ తెలుగు నేలకు, ఈసారి తెలంగాణకు వద్దాం. నిజాం రాజ్యంలో, సింగరేణి బొగ్గు రైలు మార్గం మీద డోర్నకల్లు. తిరునెల్వేలి తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఇక్కడి బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఎడ్లబండి మీద, కాలినడకన పల్లెలు తిరిగారు. ఆయన పట్టుబట్టింది మూడు సంగతుల మీద: పల్లెలో రోజూ ప్రార్థన జరగాలి, ప్రతి విశ్వాసీ సాక్షి కావాలి, ప్రతి ఇల్లూ ఇవ్వాలి.

ఈ ఇవ్వడంలోనే గుప్పెడు బియ్యం ఆచారం ఉంది. ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్తుంది. పంతులుగారి జీవనం కొంత దానితో గడుస్తుంది. బియ్యం లేని ఇంట్లో జొన్నలు, సజ్జలు. ముందు తీసి పెట్టడమే ఇందులో కీలకం. వండగా మిగిలింది కాదు, తినగా మిగిలింది అసలే కాదు. ఊరి కళ్లంలో పంట కొలిచేటప్పుడు చిట్టచివరన, అడుగు బడుగు గింజలు ఎత్తుకునే కుటుంబాలివి. ఊరు తమకు చివరి పాలు ఇస్తుంటే, వీళ్లు దేవుడికి తొలి పాలు తీశారు. తెలుగు క్రైస్తవ చరిత్రలో ఇంతకంటే గొప్ప దృశ్యం మరొకటి చూపించడం కష్టం. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్లు ఎపిఫనీ దేవాలయం గోడల్లో, గుమ్మటాల్లో ఉన్నది ఇలాంటి ఇళ్ల విశ్వాసమే. మెదకులో కరువు పనిగా కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహా దేవాలయం కథ కూడా అన్నం కోసం రాళ్లెత్తిన జనం కథే.

ఇరవయ్యో శతాబ్దంలో రెండో పాయ వచ్చి కలిసింది: ఒంటరిగా, బైబిలు చేత పట్టుకుని, తెల్లవారుజామున కూర్చోవడం. చదువుకున్నవాళ్ల పద్ధతి ఇది. 1880లలో కేంబ్రిడ్జి విద్యార్థులు లేవగానే మొదటి గడియ ప్రార్థనకని ఒకరికొకరు గుర్తుచేసుకోవడంతో ‘మార్నింగ్ వాచ్’ మొదలైంది. జాన్ మాట్ లాంటి విద్యార్థి నాయకులు దాన్ని దేశదేశాలకు మోశారు. వై.ఎమ్.సి.ఎ.ల ద్వారా, మిషన్ కాలేజీల హాస్టళ్ల ద్వారా అది మన దగ్గరికి వచ్చింది. అజరయ్య కూడా బిషప్పు కాకముందు వై.ఎమ్.సి.ఎ. కార్యదర్శే. బోర్డింగు స్కూళ్లలో ఉదయం గంట మోగితే మొహం కడుక్కుని ప్రార్థనకు వరసలో కూర్చోవడం ఒక తరానికి తరమే అలవాటు చేసుకుంది. ఆ పిల్లలే టీచర్లయి, నర్సులయి, రైల్వే గుమాస్తాలయి ఆ అలవాటును పట్నపు ఇళ్లలోకి తెచ్చారు.

ఈ పాయను తెలుగు నేల మీద ఉధృతం చేసినవారు ఇద్దరు. ఒకరు ముంగమూరి దేవదాసు అయ్యగారు. రాజమండ్రిలో లూథరన్ సంఘంలో పని చేసి, 1938లో బైబిలు మిషను స్థాపించారు. మాటలు తగ్గించి దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఉండటం ఆయన బోధలో ముఖ్యం. ఇంకొకరు భక్త సింగ్. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగు చదవడానికి విదేశాలకు వెళ్లి, అక్కడ బైబిలు చదివి మారారు. 1932లో కెనడాలోని వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకుని మరుసటి ఏడు తిరిగొచ్చారు. 1941లో మద్రాసులో సంఘం మొదలైంది. 1950లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలో ఆయన సహవాసాల కేంద్రం హెబ్రోను వెలిసింది. గంటలకొద్దీ మోకాళ్ల మీద ఉండటం, వేకువనే లేచి ముందు దేవుని మాట విని తర్వాతే మనిషితో మాట్లాడటం ఆయన సహవాసాల్లో నడక అయింది. 2000 సెప్టెంబరు 17న ఆయన చనిపోయే నాటికి ఆ పద్ధతిలో పెరిగిన ఇళ్లు ఆంధ్రలో, తెలంగాణలో లెక్కకు మించి ఉన్నాయి.

చదువు వచ్చినవాళ్ల ఏకాంత ధ్యానం మేలు చేసింది, సందేహం లేదు. బైబిలును వరసగా చదివే అలవాటు తెచ్చింది. కాని ఒక నష్టమూ జరిగింది. ఎవరి గదిలో వాళ్లు, ఎవరి పుస్తకం వాళ్లది అయ్యాక, నాయనమ్మ చెబితే మనవలు తిరిగి అనే కుటుంబ ప్రార్థన కొన్ని ఇళ్లలో పలచబడింది. నోటికి రావడం తగ్గింది. లాంతరు వెలుగులో నేర్చుకున్న తరానికి యాభై కీర్తనలు చరణాలతో సహా వస్తే, ప్రొజెక్టరు తెర చూసి పాడే తరానికి పల్లవి దాటడం కష్టం.

వాగ్దాన వాక్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక ఏడాదికి ఒక వాక్యం కార్డు మీద తీసుకోని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. రోజుకో వాక్యం అనే పద్ధతికి వెనక జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామం ఉంది. 1728 మే 3న అక్కడి నాయకుడు జిన్‌జెన్‌డార్ఫ్ మొరేవియన్ సంఘపు విశ్వాసులకు మర్నాటి కోసం ఒక మాట ఇచ్చి ఇంటింటికీ చేరవేయించాడు. 1731 నుంచి ఏడాది పొడుగునా వాక్యాలు పుస్తకంగా అచ్చవుతున్నాయి, నేటికీ ఆగలేదు. ఈస్టరు వేకువ ఆరాధన కూడా ఆ ఊరిదే. 1732లో అక్కడి యువకులు సూర్యోదయానికి ముందు సమాధుల దొడ్డికి వెళ్లి పాడారు. మన ఊళ్లలో పునరుత్థాన పండుగ నాడు కొవ్వొత్తులు పట్టుకుని, తెల్లబట్టలు కట్టుకుని, తమవాళ్ల సమాధుల దగ్గరికి చీకటితో వెళ్లే జనంలో చాలామందికి హెర్న్‌హూట్ పేరు తెలియదు. తెలియకపోయినా ఆచారం తమదైపోయింది. సున్నం కొట్టిన సమాధి మీద బంతిపూలు చల్లడం ఏ జర్మనీ నేర్పింది?

గడిచిన యాభై ఏళ్లలో సాధనాలు మారాయి. సీషెల్స్ దీవుల నుంచి క్రైస్తవ ప్రసార సంస్థ ఫెబా రేడియో షార్ట్‌వేవ్ మీద వాక్యం పంపింది. తర్వాత క్యాసెట్లు, టీవీ చానెళ్లు, ఇప్పుడు ఫోన్లు. తెల్లవారుజామున ఫోన్‌లో ఒకే లైను మీద పదిమంది కలిసి ప్రార్థించడం ఇవాళ మామూలు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అక్కడ ఆదివారం సెలవు కాదు, శుక్రవారమే ఆరాధన. ఆ శుక్రవారమూ యజమానురాలు బయటికి పంపకపోతే మిగిలేది పిల్లలు లేచేలోపు వంటగదిలో చేసుకునే ప్రార్థనే. బితూనియ దాసీలకు, ఒంగోలు పాలేరుకు ఉన్న పరిస్థితే ఈమెదీ.

మైకు సంగతి వేరు. తెల్లవారుజామున గుడి మైకు పెట్టి ఊరందరికీ వినిపించడం కొన్ని చోట్ల భక్తికి గుర్తు అయింది. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దన్నాయి. అన్ని మతాలకూ అదే నియమం. దీని వల్ల వేకువ ప్రార్థనకు వచ్చిన నష్టమేమీ లేదు. నూట డెబ్బై ఏళ్ల చరిత్రలో ఆ ప్రార్థనను నిలబెట్టింది గట్టి గొంతు కాదు. పక్కింటివాడి నిద్ర చెడగొట్టే ప్రార్థనను పాలేరు గుడిసె ఎరగదు.

ఈ చరిత్రకు ఆధారాలు ఇప్పుడు మిగిలింది రెండు చోట్ల. ఒకటి పల్లె సంఘాల పాత రిజిస్టర్లు: బాప్తిస్మాల లెక్క, గుప్పెడు బియ్యం లెక్క, పంతులుగారి చేతిరాత. చెదలు పట్టకముందే వాటిని ఫొటోలు తీసి, జిల్లా గ్రంథాలయానికో, సంఘపు కాలేజీకో ఒక ప్రతి అందజేయాలి. రెండోది ఎనభై దాటిన అమ్మమ్మలు, తాతయ్యలు. నాట్లకు పోయే ముందు మీ అమ్మ ఏ పాట పాడేది, ఏ ప్రార్థన చెప్పించేది అని వాళ్లను అడగండి. చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి, ఊరి పేరు, ఏడాది రాసి దాచండి. ఈ పని వచ్చే క్రిస్మస్‌కు వాయిదా వేయకండి.